ఎర్నెస్ట్ షారర్

ఎర్నెస్ట్ ఆల్బర్ట్ షారర్ (ఆగస్టు 1, 1905 – ఏప్రిల్ 29, 1965) జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన జంతుశాస్త్రవేత్త, శరీర నిర్మాణ శాస్త్రవేత్త. మెదడులోని కొన్ని నాడీకణాలు గ్రంథుల వలె పదార్థాలను తయారుచేసి స్రవిస్తాయని ఒక చిన్న మంచినీటి చేపలో గుర్తించి, ఆ సంగతిని 1928లో ప్రకటించాడు. ఈ ప్రక్రియకు నాడీస్రావం అని పేరు. అప్పటికి ఇతనికి ఇరవై మూడేళ్లు. శాస్త్రలోకం ఈ భావనను అంగీకరించడానికి మరో ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఇతని భార్య బెర్టా షారర్ (1906–1995) ఇదే విషయాన్ని అకశేరుకాలలో నిరూపించిన శాస్త్రవేత్త. మెదడుకూ అంతస్రావక గ్రంథులకూ గల సంబంధాన్ని అధ్యయనం చేసే నాడీ అంతస్రావశాస్త్రానికి పునాది వేసినవారిలో ఈ దంపతులు ముఖ్యులు. చేపలలో ఘ్రాణేంద్రియం నుండి పీయూష గ్రంథి వరకు సాగే నాడీమార్గాలను గురించి తరువాతి కాలంలో జరిగిన పరిశోధనలు కూడా ఇతడు చూపిన దారిలోనే నడిచాయి.

బాల్యం, విద్యాభ్యాసం

షారర్ దక్షిణ జర్మనీలోని మ్యూనిక్ నగరంలో జన్మించాడు. ఆ నగరపు విశ్వవిద్యాలయంలోనే జంతుశాస్త్రం అభ్యసించాడు. 1925లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ అక్కడికి ఆచార్యుడిగా రావడం ఇతని జీవితాన్ని ఒక దారిలో పెట్టింది. తేనెటీగల నాట్యభాషను వివరించినందుకు ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకున్నాడు. అందువలన ఆయన పేరు తేనెటీగలతోనే ముడిపడిపోయింది గాని, చేపల ఇంద్రియ జ్ఞానంపై ఆయన చేసిన కృషి అంతకు తీసిపోయేది కాదు. చేపలు రంగులను గుర్తిస్తాయని, శబ్దాలను వింటాయని ప్రయోగపూర్వకంగా చూపినవాడు ఫ్రిష్. గాయపడిన చేప చర్మం నుండి నీటిలో కలిసే ఒక పదార్థపు వాసనకు తోటి చేపలు బెదరి చెల్లాచెదురవుతాయని కనుగొన్నవాడు కూడా ఆయనే.

ఫ్రిష్‌కు ఇష్టమైన ప్రయోగ జీవి మిన్నో అనే చేప. జర్మన్ భాషలో దీనిని ఎల్‌రిట్జే అంటారు. ఐరోపా వాగులలో గుంపులుగా తిరిగే ఈ చేప మన కాలువలలోని పరక చేపలంత చిన్నది. కార్ప్ చేపలకు దూరపు బంధువు. 1911లోనే ఫ్రిష్ దీనిలో ఒక వింతను గమనించాడు. కళ్లు లేని మిన్నో చేప తలపై వెలుతురు పడినపుడు, నీడ పడినపుడు దాని చర్మపు రంగు మారుతున్నది. తలపై భాగంలో ఉండే పీనియల్ అవయవాన్ని తొలగించినా ఆ మార్పు ఆగలేదు. అంటే కాంతిని గ్రహించే కణాలు మెదడు లోతులలో మరెక్కడో ఉండాలి. ఆ చోటును వెదికే పని యువకుడైన షారర్ చేతికి వచ్చింది. 1927లో ఇతడు డాక్టరేటు పొందాడు. తరువాత వైద్యశాస్త్రంలోనూ పట్టా సంపాదించాడు.

1928 నాటి ఆవిష్కరణ

షారర్ కళ్లు లేని మిన్నో చేపలకు వెలుతురు పడగానే ఆహారం దొరుకుతుందని అలవాటు చేశాడు. కొంతకాలానికి అవి వెలుతురు పడగానే ఆహారం కోసం వెదకసాగాయి. పీనియల్ అవయవం లేని చేపలు కూడా అలాగే ప్రవర్తించాయి. ఇక మిగిలిన పని మెదడును పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో పరిశీలించడం. కాంతిని గ్రహించే కణాల కోసం ముందు మెదడు వెనుకభాగాన్ని, అంటే ద్వారగోర్ధాన్ని, ఇతడు ఆ విధంగా గాలించాడు.

ఇతడు వెదికినది దొరకలేదు. దొరికినది వేరొకటి. దృష్టి నాడులు కలిసే చోటికి కొంచెం ముందుగా, హైపోథలామస్ ప్రాంతంలో, కొన్ని పెద్ద నాడీకణాలు కనిపించాయి. వాటి లోపల చిన్న చిన్న బిందువులు నిండి ఉన్నాయి. అవటు గ్రంథి (థైరాయిడ్)లో కనిపించే జిగురు వంటి పదార్థానికి అవి దగ్గరగా ఉన్నాయి. నాడీకణానికి ఉండవలసిన లక్షణాలన్నీ వాటికి ఉన్నాయి. గ్రంథి కణానికి ఉండవలసిన లక్షణాలూ ఉన్నాయి. ఇవి స్రవించే నాడీకణాలని, వీటి పని దిగువనే ఉన్న పీయూష గ్రంథి పనితో సంబంధం కలిగి ఉండవచ్చునని షారర్ ఊహించాడు. కళ్లు లేని మిన్నో చేపల కాంతి గ్రహణశక్తిని గురించిన వ్యాసంలో ఈ సంగతి 1928లో అచ్చయింది. వ్యాసం శీర్షిక చూసిన పాఠకుడికి లోపల ఇటువంటిది ఉన్నదని తోచదు.

ఇటువంటి కణాలను చూసినవారు అంతకుముందు లేకపోలేదు. అమెరికాలో డాల్‌గ్రెన్ 1914లో, స్పీడెల్ 1919లో స్కేట్ అనే మృదులాస్థి చేప వెన్నుపాము చివరి భాగంలో గ్రంథులవంటి నాడీకణాలను వర్ణించారు. వాటిని ఆ చేపకు మాత్రమే చెందిన విడ్డూరంగా లెక్కించి అందరూ వదిలివేశారు. షారర్ ఘనత కేవలం చూడడంలో లేదు. తాను చూసినది ఒక జాతికి పరిమితమైన వింత కాదని, వెన్నెముక గల జంతువులన్నింటికీ వర్తించే నియమమని భావించి, ఆ భావనను ఎన్ని విమర్శలు వచ్చినా విడువకపోవడంలో ఉంది.

ఎదురైన వ్యతిరేకత

నేటి విద్యార్థికి ఇందులో వివాదమేమిటో అర్థం కాకపోవచ్చు. హైపోథలామస్ హార్మోన్లను తయారుచేస్తుందని ఉన్నత పాఠశాల పుస్తకాలలోనే ఉంది. ఆనాటి స్థితి వేరు. శరీరంలో వార్తలు రెండు విధాలుగా చేరుతాయని అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకం. ఒకటి నాడుల ద్వారా, విద్యుత్ ప్రేరణల రూపంలో. రెండవది రక్తం ద్వారా, గ్రంథులు విడిచే హార్మోన్ల రూపంలో. ఈ రెండు వ్యవస్థలూ వేరువేరు శాఖలవారి సొత్తు. ఒకే కణం రెండు పనులూ చేస్తుందంటే ఇరుపక్షాలకూ రుచించలేదు. నాడి చివర రసాయనం విడుదలవుతుందని ఆటో లోవీ కప్ప గుండెపై చేసిన ప్రయోగాలతో 1921లో చూపిన మాట నిజమే. అయితే అది అతి స్వల్ప పరిమాణంలో పక్క కణానికి అందే రసాయనం. నాడీకణం హార్మోనును తయారుచేసి రక్తంలోకి పంపడమన్నది అంతకంటె చాలా పెద్ద మాట.

విమర్శకులు చూపిన కారణాలు కూడా తేలికగా తీసివేయదగినవి కావు. జంతువు చనిపోయిన తరువాత కణాలలో వచ్చే మార్పులను స్రావాలుగా పొరబడుతున్నారని కొందరు అన్నారు. రసాయనాలలో నిలువ చేసినప్పుడు, రంగులద్దినప్పుడు ఏర్పడిన మచ్చలని మరికొందరు అన్నారు. వ్యాధిగ్రస్తమైన కణాలు కావచ్చునన్న అనుమానమూ వచ్చింది. సూక్ష్మదర్శినిలో కనిపించే బిందువులు తప్ప షారర్ చేతిలో అప్పటికి వేరే ఆధారం లేదు. ఆ బిందువులు ఎక్కడికి పోతున్నాయో, ఏ పని చేస్తున్నాయో ఇతడు చూపలేకపోయాడు. దీనికి ఇతడు ఎంచుకున్న మార్గం వీలైనన్ని జంతువులలో ఆ కణాలను చూపడం. చేపలు, కప్పలు, సరీసృపాలు, క్షీరదాలు, చివరికి మనిషి మెదడులోనూ వాటిని గుర్తిస్తూ పోయాడు. చేపలో ఒక చోట, మనిషిలో అదే చోట, అవే కణాలు కనిపిస్తుంటే అవన్నీ మచ్చలేనని అనడం క్రమంగా కష్టమైంది.

వివాహం, కలిసి చేసిన కృషి

బెర్టా ఫోగెల్ కూడా మ్యూనిక్ నగరానికి చెందినదే. ఫ్రిష్ వద్దనే తేనెటీగల రుచి జ్ఞానంపై పరిశోధించి 1930లో డాక్టరేటు పొందింది. 1934లో వీరి వివాహం జరిగింది. అదే సంవత్సరం షారర్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని నాడీశాస్త్ర సంస్థకు అధిపతిగా వెళ్లాడు. ఈ సంస్థను స్థాపించిన లుడ్విగ్ ఎడింగర్ వివిధ జంతువుల మెదళ్లను పోల్చి చూసే శాస్త్రానికి ఆద్యులలో ఒకడు.

అక్కడ భార్యాభర్తలు పనిని పంచుకున్నారు. వెన్నెముక గల జంతువులు భర్తవి, వెన్నెముక లేనివి భార్యవి. ఈ పంపకం వినడానికి సరదాగా ఉన్నా నాడీస్రావ భావన నిలబడడానికి ఇదే ముఖ్య కారణమైంది. బెర్టా 1935లో సముద్రపు నత్తల బంధువులలో, తరువాత సముద్రపు పురుగులలో, కీటకాలలో స్రవించే నాడీకణాలను కనుగొంది. పరిశోధనశాలలో ఆమెకు చోటు ఇచ్చారు గాని జీతం ఇవ్వలేదు. భర్త పనిచేసే సంస్థలో భార్యకు ఉద్యోగం ఇవ్వకూడదన్న నియమం ఆనాడు జర్మనీలోనూ అమెరికాలోనూ వాడుకలో ఉంది. ఈ కారణంగా ఆమె దాదాపు పదిహేనేళ్లు తగిన పదవి లేకుండానే అంతర్జాతీయ స్థాయి పరిశోధన చేసింది. షారర్ జీవితచరిత్ర వ్రాసేటప్పుడు ఈ విషయాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఆమె సేకరించిన ఆధారాలు లేకుంటే ఇతని సిద్ధాంతం మరికొంత కాలం చేప మెదడులోని వింతగానే మిగిలి ఉండేది.

జర్మనీని విడిచిపెట్టుట

1933లో నాజీలు అధికారానికి వచ్చిన వెంటనే యూదు ఆచార్యులను విశ్వవిద్యాలయాల నుండి తొలగించడం మొదలైంది. షారర్ దంపతులు యూదులు కారు. ఆ ప్రభుత్వం కింద వారికి ఉద్యోగ భద్రత ఉంది. పదవి కూడా చిన్నది కాదు. అయినా సహోద్యోగులకు జరుగుతున్నదానిని చూస్తూ అక్కడ కొనసాగడం వారికి సమ్మతం కాలేదు. 1937లో షారర్‌కు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వారి ఒక సంవత్సరపు ఫెలోషిప్ లభించింది. దానిని ఆధారం చేసుకుని తిరిగి రాకూడదన్న నిశ్చయంతోనే దంపతులు బయలుదేరారు. దేశం దాటేవారు వెంట తీసుకుపోదగిన డబ్బుపై కఠినమైన పరిమితి ఉండేది. రెండు పెట్టెలతో, మనిషికి నాలుగు డాలర్లతో వారు దేశం విడిచారని చెబుతారు. ఆఫ్రికా, ఫిలిప్పీన్స్ మీదుగా సాగిన సుదీర్ఘమైన ఓడ ప్రయాణంలో కూడా దారి పొడుగునా పరిశోధనకు కావలసిన జంతువుల నమూనాలను సేకరిస్తూనే ఉన్నారు.

అమెరికాలో

మొదటి సంవత్సరం షికాగో విశ్వవిద్యాలయంలో గడిచింది. తరువాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ, 1940 నుండి క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం, 1946 నుండి డెన్వర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల ఇతనికి ఆశ్రయమిచ్చాయి. న్యూయార్క్‌లో ఉండగా బెర్టాకు ప్రయోగశాల కోతుల బోనులతో పాటు దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఒక జాతి పెద్ద బొద్దింక దొరికింది. నెమ్మదిగా కదిలే ఈ బొద్దింక శస్త్రచికిత్సకు అనువైనది. ఆమె జీవితాంతం దానిపైనే పనిచేసింది.

1944లో దంపతులిద్దరూ కలిసి ఒక ముఖ్యమైన వ్యాసం ప్రకటించారు. బొద్దింక మెదడులోని స్రవించే నాడీకణాల నుండి తంతువులు మెదడు వెనుకనున్న చిన్న గ్రంథులకు పోతాయి. చేప లేదా మనిషి హైపోథలామస్‌లోని నాడీకణాల నుండి తంతువులు పీయూష గ్రంథికి పోతాయి. ఈ రెండు ఏర్పాట్లూ ఒకే నమూనాపై ఉన్నాయని ఆ వ్యాసం సారాంశం. కీటకానికీ వెన్నెముక గల జంతువుకూ పూర్వికులు వేరై ఎన్నో కోట్ల సంవత్సరాలు గడిచాయి. అంత దూరపు జీవులలో ఒకే పద్ధతి కనిపించిందంటే దానికి బలమైన ప్రయోజనం ఉండాలి.

అయినా అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. కణంలో కనిపించే బిందువులు పీయూష గ్రంథిని చేరుతున్నాయని ఎవరు చూశారు?

గోమోరి అద్దకం

దీనికి జవాబు 1949లో జర్మనీలోని కీల్ నగరం నుండి వచ్చింది. షికాగోలో పనిచేస్తున్న హంగరీ దేశస్థుడు జార్జ్ గోమోరి 1941లో క్లోమ గ్రంథిలోని కణాలను వేరుపరచి చూడడానికి క్రోమ్ ఆలం హీమటాక్సిలిన్ అనే అద్దకాన్ని రూపొందించాడు. ఉల్ఫ్‌గాంగ్ బార్గ్‌మన్ దానిని మెదడుపై ప్రయోగించి చూశాడు. హైపోథలామస్‌లోని స్రవించే కణాలు ముదురు నీలి రంగులో తేలాయి. అంతటితో ఆగక, ఆ కణాల నుండి బయలుదేరిన నాడీతంతువులు కూడా పూసల దండ వలె నీలి చుక్కలతో పీయూష గ్రంథి వెనుక భాగం వరకు కనిపించాయి. షారర్ ఇరవై ఏళ్లుగా ఊహిస్తున్న మార్గం ఇప్పుడు రంగులో కళ్లకు కట్టింది.

పాఠ్యపుస్తకాల ప్రకారం పీయూష గ్రంథి వెనుక భాగపు హార్మోన్లు ఆ గ్రంథిలోనే తయారయ్యేవి. మెదడు నుండి వచ్చే నాడులు వాటిని విడుదల చేయమని ఆదేశించేవి మాత్రమే. బార్గ్‌మన్, షారర్ 1951లో కలిసి వ్రాసిన వ్యాసంలో ఈ బొమ్మను తలక్రిందులు చేశారు. హార్మోన్లు మెదడులోని నాడీకణాలలోనే తయారవుతాయి. నాడీతంతువుల గుండా జారి వచ్చి పీయూష గ్రంథి వెనుక భాగంలో నిలువ ఉంటాయి. అవసరమైనపుడు రక్తంలో కలుస్తాయి. అంటే పీయూష గ్రంథి వెనుక భాగం కర్మాగారం కాదు, గిడ్డంగి.

నిర్ధారణకు కావలసిన ప్రయోగం సులభమైనదే. తంతువులను మధ్యలో కోసి చూడాలి. పదార్థం మెదడు నుండి గ్రంథి వైపు ప్రవహిస్తుంటే కోసిన చోటికి మెదడు వైపున అది పేరుకుపోవాలి, గ్రంథి వైపున తరిగిపోవాలి. కాలువకు అడ్డుకట్ట వేస్తే పైన నీరు నిలిచి కింద మడి ఎండినట్లు. 1952లో షారర్ కుక్కలలో, బెర్టా బొద్దింకలలో ఈ ప్రయోగం చేశారు. రెండింటిలోనూ పదార్థం మెదడు వైపే పేరుకున్నది. 1953లో ఇటలీలోని నేపుల్స్ సముద్ర జీవశాస్త్ర కేంద్రంలో నాడీస్రావంపై మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. అప్పటికి వ్యతిరేకత చాలావరకు సద్దుమణిగింది. ఆ కాలంలోనే విన్సెంట్ డు విగ్నో ఈ గ్రంథి భాగంలోని ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ హార్మోన్లను ప్రయోగశాలలో తయారుచేసి 1955లో నోబెల్ బహుమతి పొందాడు. చేపలలో వీటికి బదులుగా ఐసోటోసిన్, వాసోటోసిన్ ఉంటాయి. 1928లో షారర్ మిన్నో చేపలో చూసినవి ఈ హార్మోన్లను తయారుచేసే కణాలే.

చివరి పదేళ్లు

1955లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల ప్రారంభమైంది. శరీర నిర్మాణ శాస్త్ర శాఖకు అధిపతిగా షారర్‌ను ఆహ్వానించారు. అదే శాఖలో బెర్టాకు పూర్తి స్థాయి ఆచార్య పదవి లభించింది. డాక్టరేటు పొందిన పాతికేళ్లకు ఆమెకు ఈ హోదా దక్కింది. 1963లో దంపతులిద్దరూ కలిసి నాడీ అంతస్రావశాస్త్రంపై ఒక గ్రంథం ప్రకటించారు. ఈ శాస్త్రశాఖకు చాలాకాలం అది ప్రామాణిక గ్రంథంగా ఉంది.

ఈ దశలో షారర్ ఆలోచన ఒక అడుగు ముందుకు వేసింది. వెలుతురు, వాసన, చలి, ఆకలి, భయం వంటి బయటి లోపలి వార్తలన్నీ మెదడుకు వేరువేరు నాడుల ద్వారా చేరుతాయి. కాని పీయూష గ్రంథికి నాడుల భాష నేరుగా అర్థం కాదు. దానికి తెలిసినది రసాయనాల భాష. ఆ రెండు భాషలూ తెలిసిన కణం నాడీస్రావ కణం ఒక్కటే. కనుక వార్త ఎక్కడ పుట్టినా పీయూష గ్రంథిని చేరేముందు ఈ కణాల గుండా పోవలసిందేనని, ఇవి అన్ని దారులూ కలిసే ఆఖరి ఉమ్మడి మార్గమని షారర్ ప్రతిపాదించాడు. ఈ విషయంపై ఇతని వ్యాసం 1965లో వెలువడింది.

ఆ ఏడాది ఏప్రిల్ 29న ఫ్లోరిడా తీరంలో సముద్రంలో ఈదుతుండగా మునిగి షారర్ మరణించాడు. వయస్సు 59 సంవత్సరాలు. బెర్టా శాఖ బాధ్యతలను కొంతకాలం నిర్వహించి, ఆ తరువాత మరో మూడు దశాబ్దాల పాటు పరిశోధన కొనసాగించింది. 1983వ సంవత్సరానికి అమెరికా జాతీయ విజ్ఞాన పతకం ఆమెకు లభించింది. 1995లో మరణించింది.

ఘ్రాణేంద్రియం, పీయూష గ్రంథి: తరువాతి పరిశోధనలు

షారర్ చెప్పిన ఆఖరి ఉమ్మడి మార్గం చేపలలో ఎలా పనిచేస్తుందో ఇతని మరణానంతరం వివరంగా తెలిసింది. క్షీరదాలలో హైపోథలామస్ హార్మోన్లు పీయూష గ్రంథి ముందు భాగాన్ని ప్రత్యేకమైన చిన్న రక్తనాళాల ద్వారా చేరుతాయి. దీనిని ఇంగ్లండులో జెఫ్రీ హారిస్ నిరూపించాడు. మిన్నో, బొచ్చె, శీలావతి వంటి అస్థి చేపలలో ఏర్పాటు వేరు. వాటిలో హైపోథలామస్ నుండి వచ్చే నాడీతంతువులే గ్రంథి ముందు భాగంలోకి చొచ్చుకుపోయి, హార్మోన్లు తయారుచేసే కణాల పక్కనే ముగుస్తాయి. నాడికీ పీయూష గ్రంథికీ సంబంధం ఏమిటని వెదికేవారికి చేపకంటె అనువైన జంతువు లేకపోవడానికి ఇది ఒక కారణం.

చేప ముక్కు రంధ్రాలు ఊపిరి కోసం కావు, వాసన కోసం మాత్రమే. వాటి లోపలి మడతల నుండి ఘ్రాణ నాడి ఘ్రాణ లంబికకు, అక్కడి నుండి ఘ్రాణ మార్గాలు ముందు మెదడుకు పోతాయి. ముందు మెదడు నుండి వార్త షారర్ కణాలుండే ప్రాంతాన్ని, దాని ద్వారా పీయూష గ్రంథిని చేరుతుంది. 1987లో కెనడాలో నార్మన్ స్టేసీ, పీటర్ సోరెన్‌సెన్ బృందం బంగారు చేపలలో ఈ దారి ఫలితాన్ని చూపింది. గ్రుడ్లు విడవడానికి సిద్ధమైన ఆడచేప తన శరీరంలోని ఒక హార్మోనును నీటిలోకి వదులుతుంది. నీటిలో అది అత్యల్ప పరిమాణంలో ఉన్నా మగచేప వాసన పట్టగలదు. వెంటనే మగచేప రక్తంలో పీయూష గ్రంథి హార్మోను పెరిగి, బీజద్రవం ఎక్కువవుతుంది. ఈ విధంగా ముక్కుకు తగిలిన వాసన సంతానోత్పత్తిని సమయానికి జరిగేటట్లు చేస్తున్నది.

ముక్కు నుండి మెదడుకు ఘ్రాణ నాడితో పాటు మరొక సన్నని నాడి కూడా పోతుంది. దీనిని 1878లో గుస్టాఫ్ ఫ్రిట్ష్ సొరచేపలో, 1894లో ఫెలిక్స్ పింకస్ ఊపిరితిత్తుల చేపలో గుర్తించారు. అంత్య నాడి అనే ఈ నాడిలోని కణాలు పీయూష గ్రంథిని ప్రేరేపించే గొనాడోట్రోపిన్ విడుదల హార్మోనును తయారుచేస్తాయని దాదాపు శతాబ్దం తరువాత తెలిసింది. ఇది ఘ్రాణేంద్రియాన్ని నేరుగా పీయూష గ్రంథితో కలిపే దారి కావచ్చునని తొలుత ఆశించారు. విషయం అంత సరళంగా తేలలేదు. ఈ తంతువులు ముందు మెదడులోనూ, కంటి రెటీనాలోనూ విస్తరిస్తాయి. డ్వార్ఫ్ గౌరామి అనే చేపలో పీయూష గ్రంథికి పోయేవి అంత్య నాడి తంతువులు కావని, హైపోథలామస్ ముందున్న కణాల తంతువులని జపాన్ పరిశోధకులు చూపారు. ఇతర జాతుల సంగతిని ఒక్కొక్కదానినీ విడిగా పరిశీలించి తేల్చవలసి వచ్చింది.

ముక్కుకూ ఈ హార్మోను కణాలకూ గల బంధం మరింత లోతైనదని 1989లో ఎలుక పిండాలపై జరిగిన పరిశోధనలు తెలిపాయి. ఈ కణాలు మెదడులో పుట్టవు. పిండదశలో ముక్కు ప్రాంతంలో పుట్టి, నాడుల వెంట పాకుతూ మెదడులోకి ప్రవేశిస్తాయి. ఆ వలస ఆగిపోయిన మనుష్యులలో వాసన తెలియదు, యౌవన లక్షణాలు కూడా రావు. ఈ రెండు లోపాలూ ఒకే కుటుంబాలలో కలిసి కనిపించడాన్ని 1944లోనే ఫ్రాంజ్ కాల్‌మన్ వర్ణించాడు. షారర్ వలెనే నాజీల కాలంలో జర్మనీ విడిచి న్యూయార్క్ చేరిన వైద్యుడు ఇతడు.

షారర్ మొదట వెదికిన కాంతిగ్రాహక కణాల సంగతి కూడా ఆలస్యంగా తేలింది. కంటికి వెలుపల, మెదడు లోతులలో కాంతిని గ్రహించే ప్రొటీను ఒకటి 1997లో సాల్మన్ చేపలో బయటపడింది. తరువాత పక్షులలో ఇదే ప్రొటీను వాసోటోసిన్‌ను తయారుచేసే నాడీస్రావ కణాలలోనే కనబడింది.

చేపల పెంపకంలో

మన దేశంలో ఈ జ్ఞానం పరిశోధనశాల దాటి చేపల చెరువు వరకు వచ్చింది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు వరద నీటి నదులలో గ్రుడ్లు పెడతాయి గాని చెరువు నీటిలో పెట్టవు. చెరువు చేపలో గ్రుడ్లు పక్వానికి దగ్గరగా వచ్చి ఆగిపోతాయి; వరద తెచ్చే సంకేతాలు అందక పీయూష గ్రంథి చివరి హార్మోనును విడవదు. అందువలన పూర్వం చేపపిల్లల కోసం నదులపై ఆధారపడవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురి, పక్వదశకు వచ్చిన చేపల నుండి తీసిన పీయూష గ్రంథిని నూరి, ఆ రసాన్ని సూదితో ఎక్కించి కార్ప్ చేపల చేత గ్రుడ్లు పెట్టించాడు. ఆ రోజును జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. చేప తల పైకప్పు కోసి, మెదడును పైకి లేపి, దాని అడుగున ఉండే తెల్లని చిన్న గ్రంథిని చెదరకుండా తీయడం హేచరీ పనివారికి నేర్పుతో కూడిన పని అయింది.

ఈ పద్ధతిలో చేప మెదడును పక్కనబెట్టి గ్రంథి రసాన్నే బయటినుండి ఇస్తారు. 1980లలో చైనాకు చెందిన లిన్ హావొరాన్, కెనడాకు చెందిన రిచర్డ్ పీటర్ ఒక మెట్టు పైకి వెళ్లారు. కార్ప్ చేపల పీయూష గ్రంథికి మెదడు నుండి రెండు రకాల నాడీతంతువులు వస్తాయి. ఒకటి గొనాడోట్రోపిన్ విడుదల హార్మోనుతో గ్రంథిని ప్రేరేపిస్తుంది. రెండవది డోపమిన్‌తో దానిని అణచి ఉంచుతుంది. ప్రేరేపించే హార్మోనును పోలిన పదార్థాన్నీ, డోపమిన్ పనిని ఆపే మందునూ కలిపి ఇస్తే చేప స్వంత పీయూష గ్రంథే కావలసిన హార్మోనును విడుస్తుందని వారు చూపారు. ఓవాప్రిమ్ వంటి మందులు ఈ సూత్రంపై తయారైనవే. కొల్లేరు పరిసరాలలోని కైకలూరు ప్రాంతపు చేపల చెరువులకైనా, పల్నాడులో పెదకూరపాడు వంటి గ్రామాల చెరువులకైనా కావలసిన కార్ప్ చేపపిల్లలు ఇలా సూదిమందు ఇచ్చి గ్రుడ్లు పెట్టించే హేచరీల నుండే వస్తాయి. ఈ మందులు వాడుకలోకి వచ్చిన తరువాత వేరొక చేప తల కోసి గ్రంథిని తీయవలసిన అవసరం చాలా చోట్ల తప్పింది.